పాత ఓమ్నీకి కరెంటు మోటార్: రెండు వానాకాలాలు నడిపాక

మారుతీ ఓమ్నీ వ్యాన్ అడుగు గట్టిగా ఉంటేనే, పెట్రోల్ ఇంజన్ బదులు మోటార్, బ్యాటరీ పెట్టే కరెంటు కిట్ వేయించండి. రాజమండ్రిలో పెళ్లి డెకరేషన్ పని చేస్తాను, ఈ బండి చూసి ఎవరడిగినా ముందు చెప్పేది ఇదే. కిట్‌కి నాలుగున్నర లక్షలైంది. దానికంటే ముందు ఫ్లోర్ కింద తుప్పు తీయించి, వెనక కమాన్‌పట్టీలు మార్పించాను. బ్యాటరీ బరువంతా మోసేది అవే కదా.

ఓమ్నీ తయారీ 2019లో ఆగిపోయినా, ఈ పనికి ఇంత అనువైన బండి తక్కువ. 796 సీసీ ఇంజన్ ముందు సీట్ల కింద ఉంటుంది, ప్రొపెల్లర్ షాఫ్ట్ వెనక చక్రాల్ని తిప్పుతుంది. ఇంజన్ తీసి, పాత గేర్‌బాక్స్‌కే మోటార్ బిగించారు. మే నెలలో పెనం మీద కూర్చున్నట్టుండే సీటు ఇప్పుడు చల్లగా ఉంటోంది. దీనికోసమైనా చేయించుకోవచ్చు అనిపిస్తుంది నాకు!

ఊళ్లో అంతా సెకండ్ గేరే. ఆగినా, కదిలినా క్లచ్‌తో పనిలేదు. తెల్లవారుజామున కడియపులంక మార్కెట్‌కి పూలకోసం వెళ్తే వీధిలో ఒక్క కుక్క కూడా లేవదు. ఇంజన్ మోత పోయాక డిఫరెన్షియల్ (వెనక ఇరుసులో గేర్లు) ఈల, డోర్ల గలగల మాత్రం బాగా వినిపిస్తాయి.

బ్యాటరీ ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం, 15 యూనిట్లది. ఇంట్లో 15 ఆంపియర్ల ప్లగ్‌కి రాత్రి పెడితే పొద్దునకి ఫుల్. ఖాళీగా 100 కిలోమీటర్లు, లోడుతో 80 దాకా వస్తుంది. ఒక్కసారి ఫుల్ చేస్తే, చార్జింగ్‌లో వృథా పోయేదాంతో కలిపి ఇంటి మీటర్ మీద 17 యూనిట్లు కాలుతుంది, యూనిట్ 8 రూపాయలనుకున్నా 136 రూపాయలే. అదే దూరానికి పెట్రోల్ ఏడు లీటర్లు తాగేది. అయినా కిట్ ఖర్చు రాబట్టాలంటే 70 వేల కిలోమీటర్లు తిరగాలి. వారానికోసారి బండి తీసేవాళ్లకి ఇది గిట్టదు.

ఎల్‌ఎఫ్‌పీతో ఒక చిక్కుంది. వోల్టేజ్ చాలాసేపు దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి బండి మీటర్‌లో చూపే చార్జి శాతం నమ్మలేం, 40 చూపించి ఒక్కసారిగా 20కి పడుతుంది. వారానికోసారి 100 దాకా ఎక్కిస్తే సెల్స్ సరిసమానమై లెక్క కుదురుతుంది.

అన్నవరం పెళ్లిళ్లకి వెళ్తే అక్కడ చార్జింగ్ పెట్టుకోవాల్సిందే, పోనూ రానూ ఒక్క చార్జికి రాదు. రత్నగిరి ఘాట్ మీద ఫుల్ లోడుతో ఫస్ట్ గేర్‌లో నిదానంగా ఎక్కిస్తాను. పైగేర్‌లో లాగితే మోటార్‌కి కరెంటు అందించే కంట్రోలర్ వేడెక్కి పవర్ తగ్గించేస్తుంది. సత్రం వాళ్లని అడిగి ప్లగ్ తీసుకుంటాను, మండపం కట్టేలోపు చార్జి ఎక్కిపోతుంది.

నన్ను ఏడిపించింది డీసీ కన్వర్టర్, అంటే పెద్ద బ్యాటరీ వోల్టేజ్‌ని లైట్లు వగైరాలకి సరిపడా దించే పెట్టె. ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ ఉండదు కనుక లైట్లు, వైపర్లు, బ్రేక్ బూస్టర్‌కి పెట్టే వాక్యూమ్ పంపు, అన్నీ దీనిమీదే ఆధారం. మొదటి వానాకాలంలోనే కనెక్టర్‌లోకి నీళ్లు దిగి పాడైంది. రాత్రి హైవే మీద హెడ్‌లైట్లు మసకబారుతుంటే పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. కిట్ వేసినవాళ్లు ఆ పార్టు ఇవ్వడానికి వారాలు తిప్పారు, పెళ్లిళ్ల సీజన్‌లో అద్దె బండి పెట్టుకున్నాను. డబ్బు కట్టేముందే ఒక స్పేర్ అడిగి తీసుకోండి.

కాగితాలు అన్నిటికంటే ముఖ్యం. కరెంటు కిట్లకి ఉన్న ప్రమాణం ఏఐఎస్-123 ప్రకారం మీ మోడల్‌కే పరీక్షలో పాసైన కిట్టా కాదా చూడండి. ఆర్టీవో అనుమతి తీసుకుని, ఆర్‌సీలో ఇంధనం ఎలక్ట్రిక్ అని మార్పించాలి. ఆ ఆర్‌సీ కాపీ ఇన్సూరెన్స్ కంపెనీకి ఇచ్చి పాలసీలో కూడా రాయించుకోండి. లేకపోతే రేపు యాక్సిడెంట్ అయినప్పుడు క్లెయిమ్ తిరస్కరించొచ్చు.