రోలాలో ఔట్‌పాస్ పనికి వెళ్లిన టైపింగ్ సెంటర్: నా అనుభవం

2024లో యూఏఈ ఆమ్నెస్టీ, అంటే వీసా గడువు దాటినవాళ్లకి ఫైన్ మాఫీ చేసే క్షమాభిక్ష, పెట్టినప్పుడు మా చిన్నమ్మ కొడుకుని తీసుకుని షార్జా రోలాలో ఉన్న ఈ టైపింగ్ సెంటర్‌కి (వీసా అప్లికేషన్లు నింపి పెట్టే షాపు) వెళ్లాను. వాడు దుబాయ్ విజిట్ వీసా మీద వచ్చాడు, ఏజెంటు చెప్పిన పని లేదు, వీసా గడువు అయిపోయింది, పాస్‌పోర్టు ఏజెంటు దగ్గరే ఉండిపోయింది, మనవాళ్లు అనేట్టు ఖల్లివెల్లి, అంటే కాగితాలు లేని మనిషి, అయిపోయాడు. రోజుకి 50 దిర్హాముల ఫైన్, 500 రోజులకే 25,000. ఆ టెన్షన్‌తో వాడికి నిద్ర కూడా ఉండేది కాదు.

ముందు ఇంకో చోటికి వెళ్లాం, పేరు వద్దులెండి. వీసా ఏ ఎమిరేట్‌దో (దుబాయ్‌దా, షార్జాదా, ఇంకోటా) కూడా అడగకుండా డబ్బు కట్టించుకుని అప్లికేషన్ పెట్టేశారు. దుబాయ్ వీసా అయితే అక్కడి ఇమిగ్రేషన్ శాఖ జీడీఆర్ఎఫ్ఏ చూస్తుంది, మిగతా ఎమిరేట్లవి కేంద్ర శాఖ ఐసీపీ చూస్తుంది, ఈ ఒక్క ముక్క అడిగి ఉంటే మాకు వారం కలిసొచ్చేది.

ఇక్కడ కౌంటర్‌లో ఉన్న మలయాళీ అన్న మొదటి ప్రశ్నే అది. విజిట్ మీద వచ్చినవాళ్లకి ఎమిరేట్స్ ఐడీ (అక్కడి నివాసుల గుర్తింపు కార్డు) ఉండదు, వేలిముద్రలు రికార్డులో ఉండవు, అందుకని దుబాయ్ అల్ అవీర్‌లోని ఇమిగ్రేషన్ సెంటర్‌కి వెళ్లి వేలిముద్రలు ఇవ్వాల్సిందే అన్నాడు. దానికంటే ముందు దుబాయ్‌లోని మన కాన్సులేట్ నుంచి పాస్‌పోర్టు లేనివాళ్లు ఇంటికి వెళ్లడానికి ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్, అదే మనం ఔట్‌పాస్ అనేది, తెచ్చుకోవాలట. "అది కాన్సులేట్ ఇచ్చేది, దానికి మాకు డబ్బు ఇవ్వకండి" అని హిందీలో రెండుసార్లు చెప్పాడు. డబ్బు వద్దన్న మనిషిని ఆ నెలలో నేను చూసింది అక్కడే.

నాకు బాగా నచ్చింది పేరు దగ్గర. మనకి ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత కదా, ఫారాల్లో ఆ వరస తారుమారై ఎంతమంది ఇరుక్కున్నారో. ఈయన మావాడి ఫోన్‌లో ఉన్న పాత పాస్‌పోర్టు ఫొటో పెద్దది చేసి, ఇంటిపేరు ఏది, తండ్రి పేరు ఏది అని అడిగి, ఒక్కో అక్షరం వాడి చేతే చదివించి అప్పుడు సబ్మిట్ నొక్కాడు.

ఇబ్బందులూ ఉన్నాయి. టోకెన్ పద్ధతి లేదు, మూడు గంటలు నిలబడ్డాం, రేట్ల బోర్డు పెట్టలేదు, అడిగితేనే చీటీ మీద రాసిచ్చారు. అందుకే అయిదుకి నాలుగు.

ఆమ్నెస్టీ గడువు మొదట అక్టోబర్ 31, తర్వాత డిసెంబర్ 31 దాకా పెంచారు. మావాడు ఫైన్ కట్టకుండా, బ్యాన్ పడకుండా ఇంటికి చేరాడు. ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లు పాత వీసా కాగితం, పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీల ఫొటోలు ఫోన్‌లో పెట్టుకుని వెళ్లండి, రశీదు మాత్రం అడిగి తీసుకోండి.