జాగ్రత్త: ‘ఎడారి ఉత్సవ కిట్’ కొనబోతున్నవారికి

ఎడారిలో మూడు రోజుల పాటు ఆరుబయట జరిగే సంగీతోత్సవానికి టికెట్లు తీసుకున్న తరువాత, ఒక్కొక్క వస్తువునూ వెతికి కొనే ఓపిక లేక, గుడారం, పవర్ బ్యాంక్, దుమ్ము మాస్కులు, నీళ్ల సంచి, ఇయర్‌ప్లగ్‌లు, నల్ల కళ్లద్దాలు, హెడ్‌ల్యాంప్ అన్నీ ఒకే పెట్టెలో వస్తాయంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ‘ఎడారి ఉత్సవ కిట్’ ఒకటి ఆర్డర్ చేశాను. ఆ ఏడు వస్తువులలో చివరి వరకూ పనిచేసినది హెడ్‌ల్యాంప్ ఒక్కటే. అమ్మినవారి పేరు ఇక్కడ రాయడం లేదు. రాసినా పెద్దగా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే ఇదే సరుకు, ఇవే ఫోటోలు మూడు నాలుగు వేర్వేరు పేర్లతో కనిపిస్తున్నాయి. కనుక పేరును బట్టి కాక సరుకును బట్టి దీనిని ఎలా గుర్తుపట్టవచ్చో చెబుతాను.

మొదట గుడారం సంగతి. ప్రకటనలో అది ఇసుక తిన్నెల మధ్య ఠీవిగా నిలబడి ఉంటుంది. నేను ఆ ఒక్క ఫోటో చూసి తృప్తిపడ్డాను. మిగిలిన ఫోటోలను పెద్దవి చేసి చూసి ఉంటే, ప్రతి దానిలోనూ గూటాలు పచ్చగడ్డి నేలలో దిగి ఉన్నాయని, ఇసుక ఫోటోలో మాత్రం తిన్నెల నీడ ఒక వైపుకు, గుడారం నీడ మరో వైపుకు పడుతోందని అప్పుడే తెలిసేది. పెట్టెలో వచ్చిన గూటాలు సైకిల్ చక్రం పుల్లంత సన్నంగా, జానెడు పొడవుతో ఉన్నాయి. తోటలోని గట్టి మట్టిలో అవి నిలబడతాయేమో కానీ, వదులు ఇసుకలో రెండు వేళ్లతో పట్టి లాగితే చాలు, ఏ అడ్డూ లేకుండా పైకి వచ్చేస్తాయి. మొదటి సాయంత్రం, వేదిక మీద తొలి బృందం ఇంకా శ్రుతులు సరిచూసుకుంటూ ఉండగానే గాలి లేచింది. మా గుడారం నాలుగు గూటాలనూ వెంట ఈడ్చుకుంటూ దొర్లి, పక్క వరుసలో నిలిపి ఉన్న కారుకు తగిలి ఆగింది.

ఆ కారు యజమాని ఏమీ అనకపోగా, తన గుడారాన్ని ఎలా కట్టుకున్నారో చూపించారు. ఒక గుడ్డ సంచిని ఇసుకతో నింపి, దాని మూతికి గుడారం తాడు బిగించి, అడుగున్నర లోతు గొయ్యి తీసి పూడ్చిపెట్టారు. గూటం నిలబడేది దాని చుట్టూ ఉన్న మట్టి పట్టు వల్ల. పొడి ఇసుకకు ఆ పట్టు ఉండదు కనుక, పైన ఉన్న ఇసుక బరువునే లంగరుగా వాడుకోవాలి. ఇసుకకోసం ప్రత్యేకంగా చేసిన వెడల్పాటి రేకు గూటాలు కూడా దొరుకుతాయి. అయితే ఎడారి అంతా ఇసుకే అనుకోకూడదు. ఎండిపోయిన సరస్సు అడుగున జరిగే ఉత్సవాలలో నేల పెంకులా బిగిసి ఉంటుంది, అక్కడ ఈ సన్న చువ్వలు దిగకుండానే వంగిపోతాయి, లావాటి ఇనుప కడ్డీలో పొడవాటి మరమేకులో కావాలి. ఏ నేల మీద గుడారం వేయబోతున్నారో తెలుసుకోకుండా ఎవరు ఏ కిట్ అమ్మినా అది ఊహ మీద అమ్మినట్టే.

ఆ గుడారం లోపలి గోడలు సగం వరకూ దోమతెర గుడ్డతో ఉన్నాయి. గాలి ఆడుతుందని దానిని గొప్పగా చెప్పుకున్నారు. గాలితో పాటు పిండిలాంటి దుమ్ము కూడా ఆడి, తెల్లవారేసరికి దుప్పటి మీద వేలితో పేరు రాసుకోగలిగినంత పేరుకుంది. పైగా రాత్రి చలి. ఎడారిలో గాలి పొడిగా ఉండి, మబ్బులు లేకపోవడం వల్ల, పగలు నేల తాగిన వేడి రాత్రి అడ్డు లేకుండా పైకి పోతుంది. పగటికీ రాత్రికీ 15 నుంచి 20 డిగ్రీల తేడా అక్కడ మామూలే. వేడి, వేడి అని మాత్రమే రాసిన ఆ ప్రకటనను నమ్మి పలుచని దుప్పటితో వెళ్లడం పూర్తిగా నా తప్పే. గుడారం అడుగు గుడ్డ నీటిని ఆపుతుందా అని కూడా చూసుకోండి. ఎడారిలో వాన ఎక్కడిదని నవ్వకండి: 2023 సెప్టెంబరు మొదట్లో అమెరికాలోని బ్లాక్ రాక్ ఎడారిలో జరిగిన బర్నింగ్ మ్యాన్ ఉత్సవంలో వాన పడి, వేలాది మంది బురదలో కదలలేక చిక్కుకుపోయారు.

ఇక అసలైన మోసం పవర్ బ్యాంక్. దాని మీద 50,000 ఎంఏహెచ్ (ఎంత ఛార్జ్ నిలవ ఉంటుందో చెప్పే కొలత, మిల్లీ ఆంపియర్ అవర్లు) అని కొట్టవచ్చినట్టు కనిపించే అక్షరాలలో ఉంది. రెండు ఫోన్లు ఒక్కొక్కసారి నిండేసరికి అది చేతులెత్తేసింది. తిరిగి వచ్చాక వంటింటి త్రాసు మీద పెట్టి చూస్తే 240 గ్రాములు తూగింది. ఈ తూకం ఒక్కటే చాలు, లెక్క బయటపడుతుంది. పవర్ బ్యాంకులలో ఎక్కువగా వాడే 18650 రకం లిథియం సెల్ ఒక్కొక్కటి సుమారు 45 గ్రాములు ఉంటుంది, మంచి సెల్ అయినా సాధారణంగా నిలవచేసేది 3,500 ఎంఏహెచ్ దాకానే. అంటే 50,000 కావాలంటే 15 సెల్‌లు ఉండాలి, డొక్కు బరువు కలపకుండానే అది 675 గ్రాములు. ఇంకొక సంగతి, లేబుల్ మీది అంకె 3.7 వోల్టుల సెల్ లెక్క, ఫోనుకు వచ్చేది 5 వోల్టుల దగ్గర, మధ్యలో కొంత నష్టం, కాబట్టి నిజాయితీగా 20,000 అని రాసిన దాని నుంచి కూడా చేతికి అందేది సుమారు 12,000 నుంచి 13,000 మాత్రమే. మంచి తయారీదారులు ఈ రెండో అంకెను కూడా చిన్న అక్షరాలలో ముద్రిస్తారు. అది లేకపోతే అనుమానించండి.

విమానంలో వెళ్లేవారికి ఇందులో మరో చిక్కు ఉంది. 50,000 ఎంఏహెచ్‌ను 3.7 వోల్టులతో హెచ్చవేసి వెయ్యితో భాగిస్తే 185 వాట్ అవర్లు వస్తుంది, విమాన సంస్థలు బ్యాటరీ శక్తిని చూసేది ఈ కొలతలోనే. చేతి సామానులో అనుమతి అడగకుండా తీసుకువెళ్లగలిగేది 100 వాట్ అవర్ల వరకే, విమాన సంస్థ అనుమతితో 160 వరకు, ఆపైన కుదరదు. తనిఖీలో చూసేది లేబులే కాబట్టి, ఆ అంకె అబద్ధమైనా మీ పవర్ బ్యాంక్ అక్కడే ఆగిపోతుంది. నేను కారులో వెళ్లాను కనుక బతికిపోయాను. మూత మీద అరచేయంత సోలార్ పలక ఉందని మురిసిపోయి ఎండలో పెట్టడం నేను చేసిన మరో తెలివితక్కువ పని. అంత చిన్న పలక ఇచ్చేది మిట్టమధ్యాహ్నం కూడా ఒకటి, ఒకటిన్నర వాట్లే, దానితో నిండాలంటే ఉత్సవం అయిపోతుంది. ఈలోగా నల్లటి డొక్కు ఎండకు కాలిపోతుంది, లిథియం సెల్‌లనేమో 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు. రెండో రోజు మధ్యాహ్నానికి మా దాని పక్క భాగం అప్పంలా ఉబ్బింది. ఉబ్బిన పవర్ బ్యాంకును మళ్లీ వాడకండి, గుడారంలో ఉంచకండి, చెత్తబుట్టలో వేయకండి.

మాస్కుల మీద ఎన్95 అని అచ్చు ఉంది, తాళ్లు మాత్రం చెవులకు తగిలించుకునేవి. అమెరికాలో పనిచేసేవారి ఆరోగ్య భద్రతను చూస్తూ, ఇలాంటి మాస్కులకు ఆమోదం ఇచ్చే నియోష్ సంస్థ ముద్ర పొందిన ఎన్95లకు తల చుట్టూ పోయే పట్టీలు ఉంటాయి, మాస్కు మీద టీసీ అనే అక్షరాలతో మొదలయ్యే ఆమోద సంఖ్య ఉంటుంది. మా వాటికి రెండూ లేవు. ఇయర్‌ప్లగ్‌లు 40 డెసిబెల్స్ తగ్గిస్తాయట. శబ్దం ఎంత తగ్గుతుందో చెప్పే ఎన్ఆర్ఆర్ అనే కొలత ప్రకారం ఇయర్‌ప్లగ్‌లకు దొరికే అత్యధిక రేటింగే 33. స్పీకర్ల దగ్గర 100 డెసిబెల్స్ ఉంటే నియోష్ లెక్కన చెవులకు క్షేమం 15 నిమిషాలే కనుక ఇది తేలికగా తీసుకునే వస్తువు కాదు. అతినీలలోహిత కిరణాలను ఆపుతాయని చెప్పే యూవీ400 అన్న గుర్తు కళ్లద్దాల మీద లేదు. ఆ కిరణాలను ఆపని నల్ల అద్దాలు పెట్టుకోవడం కన్నా పెట్టుకోకపోవడమే నయం, చీకటికి కనుపాప పెద్దదై అవి మరింతగా లోపలికి పోతాయి.

నీళ్ల సంచి అతుకు దగ్గర కారింది, అంతకుమించి చెప్పడానికి ఏమీ లేదు. దానితో వచ్చిన కాగితం మాత్రం ప్రమాదకరం: ‘గంటకు రెండు లీటర్లు తాగండి’ అని ఉంది. వేడిలో పనిచేసేవారికి చెప్పే కొలత 15 నుంచి 20 నిమిషాలకు ఒక గ్లాసు, గంటకు సుమారు 1.4 లీటర్లు మించకూడదు. అంతకుమించి ఉట్టి నీళ్లే తాగుతూ పోతే రక్తంలో ఉప్పు పలచబడి ప్రాణం మీదకు వస్తుంది.

ఇన్ని లోపాలు ముందే ఎందుకు తెలియలేదని అడిగితే, పెట్టె విప్పకపోవడం వల్లనే. ఉత్సవానికి రెండు నెలల ముందు ఆర్డర్ చేశాను, రిటర్న్ గడువు 30 రోజులు, పెట్టె అటక మీద ఉంది. ఈ కిట్ అమ్మేవారికి ఆ గడువే రక్ష. రివ్యూలను ఇప్పుడు తీరిగ్గా చదివితే, అయిదు నక్షత్రాలు ఇచ్చినవారిలో చాలామంది సరుకు అందిన రోజునే ‘ప్యాకింగ్ బాగుంది’ అని రాసినవారు. కొన్నయితే ఏదో దోమతెరకు రాసినవి, పేజీ మార్చి దీనికి అంటించారు. ఎడారికి తీసుకువెళ్లి వచ్చి రాసినవి నాకు రెండే కనిపించాయి, రెండూ ఒక నక్షత్రానివే. ఇప్పటికే కొన్నవారు ఎవరైనా ఉంటే ఈ రోజే విప్పి, పవర్ బ్యాంక్ తూచి, గుడారం ఒక రాత్రి బయట వేసి, సంచిలో నీళ్లు పోసి వేలాడదీసి చూడండి.

నా ఫిర్యాదుకు అమ్మినవారు ఇచ్చిన జవాబు, నా ఒక నక్షత్రం రివ్యూ తీసేస్తే సగం డబ్బు తిరిగి ఇస్తామని. ఆ సందేశాన్ని, ఉబ్బిన పవర్ బ్యాంకును త్రాసు మీద ఉంచిన ఫోటోను కలిపి కార్డు ఇచ్చిన బ్యాంకుకు పంపాను, విచారణ నడుస్తోంది. నిన్న మళ్లీ వెతికాను. పాత పేజీ లేదు, అదే కిట్ కొత్త పేరుతో, సున్నా రివ్యూలతో, అదే పచ్చగడ్డి మీద నిలబడి ఉంది.