కుమార పర్వతం ప్యాకేజీకి డబ్బులు కట్టే ముందు పర్మిట్‌లో మీ పేరుందో లేదో చూసుకోండి

బెంగళూరులో ఉండే మన తెలుగువాళ్లు చాలామంది శని, ఆదివారాల్లో ట్రెక్కింగ్‌కి వెళ్తుంటారు కాబట్టి ఇది రాస్తున్నాను. పోయిన నవంబరులో మేం ఐదుగురం కుమార పర్వతం వన్ డే ట్రెక్‌కి ఆన్‌లైన్‌లో ఒక ప్యాకేజీ తీసుకున్నాం. మనిషికి 2,600 రూపాయలు. బస్సు, టిఫిన్, మధ్యాహ్నం భోజనం, ఇద్దరు గైడ్లు, ఫారెస్ట్ పర్మిట్, అన్నీ అందులోనే అన్నారు.

కర్ణాటకలోని కుక్కే సుబ్రహ్మణ్య గుడి వెనక కనిపించే కొండ ఇది. ఎత్తు 1,712 మీటర్లు. కింద కుక్కే నుంచి లెక్కేస్తే పదిహేను వందల మీటర్లకు పైగా ఎక్కాలి, అదే రోజు దిగాలి. అలిపిరి మెట్లు ఎక్కినవాళ్లకు ఒక్క మాటలో చెప్పాలంటే, ఆ ఎక్కుడుకి ఇది రెండింతలు. పైగా ఇక్కడ మెట్లుండవు, వేర్లూ రాళ్లే. అందుకే ఈ కొండకి గైడూ, టైమూ సరిగ్గా లేకపోతే ప్రాణం మీదికి వస్తుంది.

తెల్లవారుజామున నాలుగింటికి చేరాల్సిన బస్సు ఆరున్నరకి చేరింది. దిగకముందే, బస్సులోనే ఒక క్యూఆర్ కోడ్ చూపించి అందరినీ ఐదు స్టార్ల రివ్యూ పెట్టమన్నారు. అడిగారు కదా అని నేనూ పెట్టాను. అది నా తప్పే, తర్వాత మార్చాను. వాళ్ల పేజీలో కనిపించే రేటింగులు ఎలా వచ్చాయో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

అసలు దెబ్బ గిరిగద్దె దగ్గర తగిలింది. భీమన బండ దాటి, దట్టమైన అడవిలో రెండున్నర గంటలు ఎక్కితే ఫారెస్ట్ చెక్‌పోస్ట్ వస్తుంది. అక్కడి గార్డు మా గైడ్ ఇచ్చిన కాగితం మీద వేలు పెట్టి ఒక్కో పేరూ చదువుతూ, ఐడీ కార్డులు చూస్తున్నాడు. మా రూమ్మేట్ వంతు వచ్చేసరికి వేలు ఆగిపోయింది. వాడి పేరు ఉండాల్సిన చోట ఇంకెవరిదో పేరు, వయసు 52. వాడికి 27. మొత్తం 31 మందిమి వెళ్తే, కాగితంలో మా వాళ్ల పేర్లు 18 మాత్రమే. గార్డు తప్పేం లేదు, ఆయన పని ఆయన చేశాడు. 2024 జనవరిలో రిపబ్లిక్ డే సెలవులకి ఈ కొండ మీద జనం కిక్కిరిసిపోయిన వీడియోలు చాలామంది చూసే ఉంటారు. ఆ తర్వాతే ఫారెస్ట్ వాళ్లు ఆన్‌లైన్ బుకింగ్ లేనిదే ఎక్కనివ్వడం మానేశారు. టికెట్లు పరిమితం కాబట్టి వీకెండ్‌కి త్వరగా అయిపోతాయి. ఇలాంటి ఆర్గనైజర్లు దొరికిన పేర్లతో దొరికినన్ని టికెట్లు తీసుకుని, మిగతాది మన అదృష్టానికి వదిలేస్తున్నారు.

మాలో ఇద్దరు అక్కడి నుంచే వెనక్కి దిగారు. ఒక గైడ్ వాళ్లతో వెళ్లాడు, రెండోవాడు చెక్‌పోస్ట్ దగ్గర ఫోన్లో మాట్లాడుతూ ఉండిపోయి, "మీరు వెళ్తుండండి, వచ్చేస్తా" అన్నాడు. మళ్లీ కనిపించలేదు. మేమూ ఆ క్షణమే దిగిపోవాల్సింది.

గిరిగద్దె దాటాక గడ్డి కొండలు, నీడన్నది ఉండదు. దారిలో వచ్చే కల్లు మంటపం (కన్నడలో కల్లు అంటే రాయి) దగ్గర నీళ్లు పట్టుకున్నాం. ప్యాక్డ్ లంచ్ విప్పితే చపాతీలు పులిసి వాసన వస్తున్నాయి. శిఖరం చేరేసరికి రెండున్నర. దిగేటప్పుడు, శిఖరానికి ముందుండే శేష పర్వతం దగ్గర మా బావమరిదికి రెండు పిక్కలూ పట్టేశాయి. "బావా, కాలు కదలట్లేదు" అని రాయి మీద కూలబడ్డాడు. ఫస్ట్ ఎయిడ్ కిట్ గైడ్ బ్యాగులో ఉంది, గైడ్ లేడు. వెనక వస్తున్న కన్నడ కుర్రాళ్లు ఆగి, ఓఆర్ఎస్ కలిపి తాగించి, పిక్కలకి క్రేప్ బ్యాండేజీ కట్టారు. వాళ్లే లేకపోతే ఆ రాత్రి ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్‌గా ఉంటుంది. అడవిలోకి వచ్చేసరికి చీకటి పడిపోయింది. ముగ్గురికీ కలిపి ఒక్క ఫోన్లోనే చార్జింగ్ ఉంది. ఆ వెలుతురులో వాడు చాలాచోట్ల కూర్చునే జరుగుతూ దిగాడు. కిందికి చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర.

రిఫండ్ అడిగితే "నాన్ రిఫండబుల్" అని ఒక్క మెసేజ్ పెట్టి వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు. గ్రూపు పోతే చాట్ దొరకదేమోనని ముందే స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోవడం మంచిదైంది. వాటితో, యూపీఐ రసీదుతో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇచ్చాం.

కర్ణాటక ఫారెస్ట్ వాళ్ల అరణ్య విహార సైట్లో పర్మిట్ మనమే తీసుకోవచ్చు, దానికి ఏజెంట్ అక్కర్లేదు. ప్యాకేజీయే కావాలనుకుంటే పూర్తి డబ్బు కట్టకండి, మీ పేరూ ఐడీ వివరాలూ ఉన్న పర్మిట్ చూశాకే మిగతాది ఇవ్వండి. గైడ్ పేరు, ఫోన్ నంబరు, అతను ఈ కొండ ఎన్నిసార్లు ఎక్కాడో అడగండి. హెడ్‌ల్యాంప్, ఓఆర్ఎస్, బ్యాండేజీ మీ బ్యాగులోనే పెట్టుకోండి. మధ్యాహ్నం పన్నెండుకల్లా కల్లు మంటపం దాటకపోతే వెనక్కి తిరగండి, శిఖరం ఇంకోసారి చూడొచ్చు.

ఈ శనివారానికి ఎవరైనా బుక్ చేసుకుని ఉంటే ఈరోజే ఫోన్ చేసి పర్మిట్ పీడీఎఫ్ పంపమనండి. "అక్కడికెళ్లాక చూపిస్తాం" అంటే మాత్రం బస్సు ఎక్కకండి.