‘నమః’కి నాలుగు పేజీలు: అరసవల్లి కొట్లలో దొరికే 30 రూపాయల నామావళి

అరసవల్లి సూర్యదేవుడి గుడి ముందు పూజసామాన్ల కొట్లలో, కొబ్బరికాయల బుట్టల పైన, అట్ట మీద ఏడు గుర్రాల రథమున్న చిన్న పుస్తకాలు వేలాడుతుంటాయి. ద్వాదశ నామాలు, ఆదిత్య హృదయం, అష్టోత్తరం అన్నిట్లోనూ ఉంటాయి. ఈ 30 రూపాయల పుస్తకంలో మాత్రం ‘నమః’ అనే మాటకు నాలుగు పేజీల వివరణ కూడా ఉంది. కొనదగ్గదీ అదే, జాగ్రత్తగా చదవాల్సిందీ అదే.

నమః అంటే నమస్కారం అని రాసి చేతులు దులుపుకోలేదు, సంతోషం. అది నీళ్లంటే జలం అన్నట్టే ఉండేది. ధాతువు, అంటే మాటకు మూలం, ‘నమ్’: వంగడం. సంస్కృత ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠంలో ‘ణమ ప్రహ్వత్వే శబ్దే చ’ అని ణకారంతోనే కనిపిస్తుంది. ‘ప్ర’ ముందు చేరినప్పుడు ఆ ణ తిరిగొస్తుంది గనకే అది ప్రణామం, ప్రనామం కాదు. తెలుగులో దగ్గరి మాట ‘మొక్కు’. దండం దారి వేరు, కర్రలా నేల మీద పడడం. విజయనగరంలో సిరిమాను నాడు ‘దండాలు తల్లీ’ అంటూ నిలబడే చేతులెత్తుతారు, పడుకోడానికి చోటెక్కడ!

మూడో పేజీకొచ్చేసరికి పుస్తకం పట్టు తప్పింది. నమః అంటే ‘న మమ’, నాది కాదు అని పదం పుట్టుక తేల్చేసింది. అలాగైతే రెండో మకారం ఎటు పోయింది? విసర్గ ఎక్కణ్నుంచి వచ్చింది? ‘న మమ’ వినిపించే చోటు హోమం: ‘అగ్నయే స్వాహా, అగ్నయ ఇదం న మమ’. భక్తికి ఆ భావం చక్కగా అతుకుతుంది, వ్యుత్పత్తికి అతకదు. నమాజు సంస్కృతం నుంచి పుట్టిందన్న వాక్యమూ అలాంటిదే. నమాజు పారశీకపు మాట (అరబీలో సలాత్ అంటారు). అవెస్తా భాషలో దీని పాత రూపం ‘నెమహ్’. సంస్కృతపు నమస్సు, ఈ మాట అక్కచెల్లెళ్లే గాని తల్లీకూతుళ్లు కావు.

వ్యాకరణం పేజీ బాగుంది. ‘నమఃస్వస్తిస్వాహాస్వధాలంవషడ్యోగాచ్చ’ అన్న పాణిని సూత్రం ఇచ్చి, నమః పక్కన చతుర్థీ విభక్తే (‘సూర్యుడికి’లో ‘కి’ లాంటిది) రావాలని చెప్పారు. తీరా నామావళిలో ఆ సూత్రాన్నే తప్పారు! ‘సూర్యాయ’ను చూసి అన్నిటికీ ‘ఆయ’ తగిలించడం వల్ల వచ్చిన తిప్పలివి. అది అకారాంత (‘అ’తో ముగిసే) పుంలింగ, నపుంసకలింగాలకే చెల్లుతుంది. పన్నెండింటిలో మిత్ర, సూర్య, ఖగ, హిరణ్యగర్భ, ఆదిత్య, అర్క, భాస్కర, ఈ ఏడే అలాంటివి. మిగతా ఐదూ వేరు: రవయే, భానవే, పూష్ణే, మరీచయే, సవిత్రే. స్వామి పక్కనున్న ఛాయాదేవికి ‘ఛాయాయై’ రావాలి. ‘ఛాయాయ’ అని అచ్చేస్తే అమ్మవారు మగవాడైపోతుంది.

విసర్గ ఇంకో తలనొప్పి. ‘ః’ బదులు ఇంగ్లీషు కోలన్ కొట్టి ‘నమ:’ అని వేశారు. పిల్లలు దాన్ని ‘నమ’ అని చదివి ఆగిపోతారు. విసర్గకు ముందున్న అచ్చు చిన్నగా తిరిగి పలకాలి: నమః చివర ‘నమహ’లా, శాంతిః చివర ‘శాంతిహి’లా. హకారాన్ని సాగదీయకూడదు.

కాగితం పల్చన, అక్షరం మాత్రం పెద్దది. చత్వారం వాళ్లకు ఇబ్బంది లేదు.

రథసప్తమి రద్దీలో కొట్టువాడు పేజీలు తిప్పనివ్వడు. ద్వాదశ నామాల పేజీ ఒక్కటే తెరిచి ఆరోది, పదోది చూడండి. పూష్ణాయ, సవిత్రాయ అని ఉంటే పక్కన వేలాడే పుస్తకం అడగండి. నాలుగు పేజీల కోసం ఇదే కావాలనుకుంటే ఆ ఐదు నామాలూ పెన్నుతో దిద్దుకున్నాకే పూజలో పెట్టండి.