శంషాబాద్ నుంచి డాలస్: 16 గంటలన్నారు, 46 పట్టింది

శంషాబాద్ నుంచి డాలస్‌కు నేరుగా గీత గీసి కొలిస్తే దూరం సుమారు 14,400 కిలోమీటర్లు. గంటకు 900 కిలోమీటర్ల చొప్పున భాగిస్తే సరిగ్గా 16 గంటలు వస్తుంది. ఖమ్మంలో మాకు టికెట్లు తీసిన ఏజెంటు ఫోనులో ఈ లెక్కే చూసి, "పదహారు గంటల్లో అమ్మగారు మీ తమ్ముడుగారింట్లో ఉంటారు సార్" అని భరోసా ఇచ్చాడు. మేము వెళ్లేనాటికి ఆ రెండు ఊళ్ల మధ్య నేరుగా నడిచే విమానమే లేదన్న సంగతి మాత్రం దాచాడు.

మనిషికి 1,08,400 రూపాయలు కట్టాక చేతికొచ్చిన టికెట్టులో దోహాలో 7 గంటల 40 నిమిషాల విరామం కనిపించింది. అడిగితే, "అది వెయిటింగ్ సార్, ప్రయాణం కింద రాదు" అన్నాడు. రెండు గంటల విరామంతో మరో టికెట్టు 6,500 ఎక్కువకు ఉండేదని తరువాత తెలిసింది.

మధ్యాహ్నం పన్నెండింటికి ఖమ్మంలో బయలుదేరి, శంషాబాద్ దగ్గర ఓ లాడ్జిలో 1,800 ఇచ్చి నడుము వాల్చి (బోర్డు మీద ఉచితమని రాసిన ఎయిర్‌పోర్టు డ్రాప్‌కు అర్ధరాత్రి 500 గుంజారు), తెల్లవారుజామున నాలుగింటికి విమానమెక్కాం. దోహాకు నాలుగున్నర గంటలు, ఇబ్బంది లేదు.

అసలు ప్రయాణం దోహాలోనే జరిగింది. వీల్‌చైర్ తోసుకొచ్చిన కుర్రాడు అమ్మను ఒక కుర్చీలో దించి, గేటు తెరిచే వేళకు వస్తానని వెళ్లిపోయాడు. నెత్తిన దీపం మోసే ఆ పెద్ద పసుపు ఎలుగుబంటి బొమ్మ ఎదుట కూర్చుని పులిహోర తిన్నాం. పడుకోవడానికి వీలైన కుర్చీలతో ఉచిత విశ్రాంతి గదులున్నాయి గాని ఆడవారికి వేరు, మగవారికి వేరు. అమ్మను లోపలికి పంపితే పది నిమిషాలకే చెప్పులు చేత్తో పట్టుకుని బయటికొచ్చేసింది: "నాకు నిద్రపడితే విమానం వెళ్లిపోదట్రా?" అప్పటికే ఆమె పాదాలు వాచి, చెప్పుల పట్టీలు ఎక్కడం మానేశాయి. వృద్ధులతో వెళ్లేవారు టీ ఖర్చు తగ్గించుకోండి గాని, విరామం దగ్గర మాత్రం కక్కుర్తి పడకండి.

దోహా నుంచి డాలస్‌కు సుమారు 12,750 కిలోమీటర్లు, 16 గంటలు. ఏజెంటు చెప్పిన పదహారు ఇదేనేమో! వీల్‌చైర్ పుణ్యమా అని డాలస్‌లో ఇమిగ్రేషన్ అరగంటలో తేలింది. టికెట్టు తీసేటప్పుడే వీల్‌చైర్ తప్పక నమోదు చేయించుకోండి. పెట్టెలు అందుకుని డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో తమ్ముడి గడప తొక్కేసరికి, ఖమ్మంలో తాళం వేసినప్పటి నుంచి 46 గంటలు.

తిరుగు ప్రయాణంలో గాలి వెనుక నుంచి తోస్తుంది కనుక దోహాకు పద్నాలుగున్నర గంటలే పడుతుందని అమ్మకు చెప్పాను. "గాలి సంగతి సరే, దోహాలో ఎంతసేపు కూర్చోబెడతావో అది చెప్పు" అంది. ఆ రోజే అదనపు డబ్బు కట్టి తిరుగు టికెట్టు మార్పించాను.