శిక్ష పునఃపరిశీలనకు అర్హులను గుర్తించడంలో ఏది మేలు: దరఖాస్తా, రిజిస్టరా, సాఫ్ట్‌వేరా?

హైదరాబాద్‌లోని చంచల్‌గూడ, చర్లపల్లి కేంద్ర కారాగారాల్లో ముందస్తు విడుదలకు ఎవరెవరి పేర్లు పరిశీలించాలో తేల్చడానికి మూడు మార్గాలున్నాయి: ఖైదీ పెట్టుకునే దరఖాస్తు, సిబ్బంది రిజిస్టర్లు తిరగేసి రాసే జాబితా, కంప్యూటర్ వడపోత.

దరఖాస్తు పద్ధతి బయట పట్టించుకునే మనిషి ఉన్న ఖైదీకే అక్కరకొస్తుంది; ములాఖత్‌కు ఎవరూ రానివాడికి అందదు. ముందస్తు విడుదల విధానం ఉన్న రాష్ట్రాల్లో, ఖైదీ అడగకపోయినా అర్హుల విషయం ప్రభుత్వమే పరిశీలించాలని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది కనుక, దీనిపైనే ఆధారపడటం ఇక కుదరదు.

రిజిస్టరు రాసే ఉద్యోగికి ఖైదీ ముఖం తెలుసు, అతని వయసూ జబ్బూ తెలుసు. అయితే లెక్క చిక్కైనది. మరణశిక్షకు కూడా వీలున్న నేరంలో యావజ్జీవం పడినవారు, నేర విచారణ ప్రక్రియ చట్టమైన భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 475వ సెక్షన్ ప్రకారం, కనీసం 14 ఏళ్లు వాస్తవంగా జైలులో గడపాలి. సత్ప్రవర్తనకు దక్కిన తగ్గింపు రోజులను అందులో కలపకూడదు, తీర్పుకు ముందు అదే కేసులో రిమాండులో ఉన్న రోజులను మాత్రం తప్పక కలపాలి. వందలమందికి నెలనెలా ఈ లెక్క చేత్తో వేస్తే ఎక్కడో ఒకచోట పొరపాటు దొర్లుతుంది.

ఈ పనికి కంప్యూటరే మేలని నా నిశ్చితాభిప్రాయం. దేశంలోని జైళ్ల వివరాలు ఈ-ప్రిజన్స్ అనే కంప్యూటర్ వ్యవస్థలో నమోదవుతున్నాయి కాబట్టి, తేదీ దగ్గరపడినవారి పేర్లు ముందుగానే తీయవచ్చు. కానీ రిమాండు రోజులు ఎక్కించకపోయినా, ఒకే మనిషి పేరు పోలీసు రికార్డులో ఒకలా, జైలు రికార్డులో మరోలా ఉన్నా, అర్హుడైనవాడు చప్పుడు లేకుండా జాబితా నుంచి జారిపోతాడు. జాబితాలో లేని పేరు కోసం తర్వాత ఎవరూ వెతకరు. నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది ఇదే.

అమెరికాలో కొన్నిచోట్ల, మళ్లీ నేరం చేస్తాడా అన్నది అంచనా వేసి మార్కులిచ్చే సాధనాలను కూడా వాడుతున్నారు. పేర్లు ఏరే దశలో వాటికి చోటివ్వకూడదు. యంత్రం రోజులు లెక్కపెట్టాలి. మనిషి ప్రవర్తనను తూచే పని, ముందస్తు విడుదలకు వచ్చిన పేర్లను పరిశీలించే సమీక్షా సంఘానిది.

అందువల్ల కంప్యూటర్ తీసిన జాబితాతోపాటు అది తిరస్కరించిన పేర్లను కూడా కారణాలతో సహా ముద్రించి, జిల్లా న్యాయసేవాధికార సంస్థ పారాలీగల్ వాలంటీర్ల (న్యాయసహాయంలో శిక్షణ పొందిన స్వచ్ఛంద కార్యకర్తల) చేత బ్యారక్‌లలో చదివించాలి. తన రోజుల లెక్క ఎంత తేలిందో తెలుగులోనో ఉర్దూలోనో రాసిన చీటీ ప్రతి ఖైదీ చేతికీ అందితే, తప్పును మొదట పట్టుకోగలిగేది అతడే.