కొత్తవాడ జంపఖానా: తొమ్మిదేళ్ల వాడకం తర్వాత

వరంగల్ కొత్తవాడలోని ఒక చేనేత దుకాణంలో ఆరడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల పొడవున్న నూలు జంపఖానా కొని తొమ్మిదేళ్లయింది. అప్పట్లో అది బతుకమ్మ పండుగకు వచ్చే చుట్టాల కోసమే. మేము కూర్చోవడానికి వాయిదాల మీద తెచ్చిన సోఫా ఉండనే ఉంది.

2020 ఆగస్టు వానలకు నయీంనగర్ నాలా పొంగి మా ఇంట్లోకి మోకాలి లోతు నీళ్లు వచ్చినప్పుడు రెండూ ఒకేసారి మునిగాయి. సోఫా అడుగు చెక్క ఉబ్బి పొరలు పొరలుగా విచ్చుకుంది, స్పంజును ఎంత ఎండబెట్టినా బురద వాసన వదలలేదు, చివరకు ఇంకా రెండు వాయిదాలు బాకీ ఉండగానే అది చెత్త ట్రాక్టరు ఎక్కింది. జంపఖానాను మాత్రం డాబా మీద పరిచి, చీపురుతో రుద్ది కడిగి, పిట్టగోడ మీద వేస్తే మూడో రోజుకు ఆరింది. మళ్లీ సోఫా కొనలేదు. మొదట్లో డబ్బు లేక కొనలేదు, తర్వాత కొనాలనే అనిపించలేదు.

దీని బలమంతా నేతలో ఉంది. పేకను (అడ్డపోగులను) పంజాతో, అంటే పళ్లున్న ఇనుప దువ్వెనలాంటి పనిముట్టుతో, కొట్టి బిగించడం వల్ల పడుగు (నిలువుపోగులు) పైకి కనిపించదు. రెండు వైపులా ఒకే రూపు ఉంటుంది కనుక ఒక వైపు మాసితే తిరగేసి పరుచుకోవచ్చు. పగలు పిల్లల చదువు, రాత్రి మా పడక దీని మీదే సాగుతాయి. పొద్దున చుట్టి మూలకు నిలబెడితే గదంతా ఖాళీ. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) దక్కింది. అయినా కొనేటప్పుడు తిరగేసి చూడండి: వెనకవైపు చారలు వెలసినట్టు ఉంటే ఆ రంగు అద్దినదే గాని నేసినది కాదు.

లోపాలు లేకపోలేదు. మొదటి ఉతుకులోనే ఎర్ర చార రంగు పక్కనున్న తెలుపులోకి దిగింది, ఆ మరక ఇప్పటికీ ఉంది. తడిస్తే ఒక్కరు ఎత్తలేరు. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ కింద కూర్చోలేదు కాబట్టి ఒక కుర్చీ తప్పలేదు.

మొన్న కొస కుచ్చులు ఊడుతుంటే అదే దుకాణానికి పట్టుకెళ్లి, పనిలో పనిగా కొత్తవాటి ధర అడిగాను. అక్కడి పెద్దాయన కుచ్చులు ముడివేస్తూ, "ఇంకో పదేండ్లు వస్తది బిడ్డా, కొత్తదెందుకు?" అన్నారు. ముడులకు ఎనభై రూపాయలు తీసుకున్నారు.